చేరవలసిన పిలుపులు

ముందు ఊపిరి వినిపించింది. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. స్రవంతి బల్ల మీది ఎర్ర గీతను వేలితో తాకింది. ‘మోసం’ అని నమోదు చేసుకుని, జల్లెడ తర్వాతి నమూనాను ఆమె చెవిలోకి వదిలింది. ఈసారి ఊపిరి కాస్త పొడవు. వెనక ఎక్కడో కుక్కర్ కూత. మళ్లీ ఎర్ర గీత.

కౌంటర్లు తెరవకముందు మేఘధ్వని ఫోను కంపెనీ కరీంనగర్ కార్యాలయంలో బదిలీ విభాగం వాళ్లందరూ చేయవలసిన పని ఇది. జల్లెడకు పదును పెట్టడం అంటారు. నగరంలో ఒకరు ఇంకొకరికి ఫోను చేస్తే ఆ పిలుపు ముందు జల్లెడలో పడుతుంది; చేసినవాళ్లు మొదట ఒక మాట పలకాలి. జల్లెడ నమ్మితేనే అవతలి మనిషి చెవిలో పెట్టుకున్న ఫోను పూస మోగుతుంది. నమ్మకపోతే పూస మోగదు. చేసినవాళ్లకు మాత్రం మోగుతున్నట్టే వినిపిస్తూ ఉంటుంది.

గొంతుదొంగల ఏడాది తర్వాత పుట్టింది జల్లెడ. ఆ ఏడాది దొంగలు కొడుకు గొంతుతో తల్లికి, మొగుడి గొంతుతో పెళ్లానికి ఫోన్లు చేసి తలుపులు తెరిపించి, ఇళ్లు ఊడ్చుకుపోయారు. యంత్రం కల్పించిన ఆ గొంతులకు ఒకటే లోపం. అనుకరించే మనిషి యాస పట్టుకోవడానికి వాటికి కాస్త వ్యవధి కావాలి. అంతసేపూ అటునుంచి మౌనమే. అందుకని మౌనాన్ని అనుమానించమని జల్లెడకు నేర్పారు. నేర్పిన చెవుల్లో స్రవంతివి రెండు.

మొదట్లో ఆమెకు తేడా తెలిసేది. యంత్రం మౌనం బోలుగా ఉండేది. మనిషి మౌనంలో ఏదో ఒకటి కదిలేది. గుటక, పెదవి తడి, చీరకొంగు రాపిడి. ‘ఇది మనిషే సార్’ అని పై అధికారి ప్రభంజన్‌తో వాదించి పచ్చగీత పెట్టిన రోజులున్నాయి. తర్వాత నమూనాలు పెరిగాయి. తేడా చూస్తూ కూర్చుంటే పని తెమిలేది కాదు. ఇప్పుడు ఆగిన ప్రతి గొంతుకూ ఆమె ఎర్రగీతే పెడుతుంది. అది తప్పని ఆమెకు తెలుసు. పొద్దున మెట్లెక్కేటప్పుడు తెలుస్తూనే ఉంటుంది. టీ తాగి కౌంటర్లో కూర్చునేసరికి అంతగా తెలియదు.

కౌంటర్లో అసలు పని నంబరు బదిలీ. బదిలీ చట్టం ప్రకారం నంబరు మనిషిది, కంపెనీది కాదు. ఇంటి తలుపు తెరుచుకునేది ఆ నంబరుకే. బియ్యం దొరికేదీ, ఆస్పత్రిలో మంచం దొరికేదీ దానికే. అందుకని ఎవరూ నంబరు వదులుకోరు. కంపెనీ నచ్చకపోతే నంబరును వెంటబెట్టుకుని ఇంకో కంపెనీకి వెళ్లిపోతారు. వెళ్లేముందు ఆ నంబరు వెనక జల్లెడ ఆపి ఉంచిన పిలుపులన్నింటినీ చెరిపేయాలి. దాన్ని శుద్ధి అంటారు. చెరిపేది యంత్రమే. కానీ యంత్రం చెప్పిన మాట చట్టానికి చాలదు. ఒక మనిషి తన నోటితో చెప్పాలి: “ఈ నంబరుకు చేరవలసిన పిలుపులన్నీ చేరాయి.”

స్రవంతి ఉద్యోగం ఆ ఒక్క వాక్యం కోసమే.

“అందులో అబద్ధం ఏమీ లేదు,” అని ప్రభంజన్ మొదట్లోనే అందరికీ చెప్పాడు. “ఏది చేరవలసిందో తేల్చేది జల్లెడ. అది ఆపిందంటే చేరవలసింది కాదన్నట్టే లెక్క.”

ఆ వాక్యాన్నే ఆమె ఫోనులో విచారించేవాళ్లకూ చెబుతుంది. నాకేమన్నా కాల్ వచ్చి ఆగిందా అని అడిగేవాళ్లు రోజూ ఉంటారు. చేరవలసినవన్నీ చేరాయండీ అంటుంది. వాళ్లు సరే అని పెట్టేస్తారు.

ఆ ఉదయం మొదట వచ్చిన మనిషి కౌంటరు ముందు నిలబడే ఉంది. బదిలీ కోసం స్వయంగా వచ్చేవాళ్లు తక్కువ, పూసలో చెబితే సరిపోతుంది. యాభై దాటిన మనిషి. చెవి పూస జారిపోకుండా నల్లదారంతో కట్టుకుంది. మోచేతుల దాకా జొన్నపిండి తెలుపు, కడుక్కున్నా పోనిది.

“కూసోండమ్మా,” అంది స్రవంతి.

ఆమె కూర్చోలేదు. “నువ్వేనా స్రవంతివి? గొంతు గుర్తువట్టిన. ఫోన్ల నువ్వే మాట్లాడేదానివి గదా.”

స్రవంతి కూడా ఆ గొంతును గుర్తుపట్టింది. తెర మీద పేరు పడకముందే ఆమెకు పేరు గుర్తొచ్చింది. ఓదెమ్మ. బస్టాండు వెనక జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. నిరుటి వానాకాలంలో ఈ గొంతు వరసగా కొన్నాళ్లు ఫోను చేసింది. ‘మా అమ్మ పానం మీదున్నది బిడ్డా. మా చెల్లె ఫోన్ చేసిందేమో, మధ్యల ఆగిందేమో జర జూడు.’ చేరవలసినవన్నీ చేరాయమ్మా అని స్రవంతి చెప్పింది. మర్నాడు మళ్లీ. ఆ మర్నాడు మళ్లీ. చివరిసారి ఓదెమ్మ ఏమీ అడగలేదు. ‘అమ్మ పోయింది. ఇగ నిన్ను సతాయియ్య’ అని పెట్టేసింది. ఆ రోజు స్రవంతి మధ్యాహ్నం అన్నం తినలేదు. మర్నాడు తింది.

“నంబరు బదిలీ చేసుకుంటరా అమ్మా?”

“ఆ. చేరువ కంపెనీకి. మా రొట్టెల కాడికొచ్చే ఒకామె చెప్పింది, అండ్ల జల్లెడ లేదట. తరలింపు కాలనీలకెల్లి ఫోన్లు వస్తున్నయట.” అప్పుడు కూర్చుంది ఓదెమ్మ. “నంబరు మారదు గదా? అదే ఉంటది గదా?”

“అదే ఉంటది. కంపెనీ ఒక్కటే మారుతది.”

“మారొద్దు బిడ్డా. దానికి గీ నంబరొక్కటే యాదికుంటది.”

చెల్లెలి పేరు రజిత అని ఓదెమ్మ చెప్పింది. స్రవంతి అడగలేదు. అయినా చెప్పింది. గోదావరిఖనిలో భూమి కింద బొగ్గు అంటుకుని నేల కాలడం మొదలైనప్పుడు ముందుగా కదిలినవాళ్లకు కరీంనగర్లో ఇళ్లిచ్చారు. చివరిదాకా ఉన్నవాళ్లను లారీలెక్కించి గుట్టల అవతలి తరలింపు కాలనీల్లో దించారు. ఇల్లు లేనివాళ్లకు నంబరు ఉండదు కాబట్టి వాళ్ల నంబర్లు రద్దయ్యాయి. కాలనీలో వీధికొక ఉమ్మడి ఫోను ఉంటుంది, దాని ముందు వరసలో నిలబడాలి.

“మా మరిది బొగ్గుబాయిల మంటలార్పే పనిల ఉండె. ఆయనను ఇడిశిపెట్టి నేను రానన్నది మా చెల్లె. అమ్మను ఇడిశిపెడ్తవానే అని నేను తిట్టిన. ఊరంత ఇనంగ తిట్టిన.” ఓదెమ్మ తన చేతులకేసి చూసుకుంది. “ఇగ బతికినన్ని దినాలు నీ గొంతు నా చెవుల పడొద్దన్న. గట్లనే అయింది.”

స్రవంతి బదిలీ ఫలకాన్ని తన వైపు తిప్పుకుంది. ఓదెమ్మ నంబరు, పేరు, చేరువ అంగీకారం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. బల్ల మీది యంత్రం మనిషి మాట కోసం చిన్న దీపం వెలిగించి ఎదురుచూస్తోంది.

“ఆగు,” అంది ఓదెమ్మ. “ఒక్కటడుగుత. అన్ని చేరినయని ఫోన్ల చెప్పినవు గదా. గదే మాట నా మొఖం జూసి చెప్పు.”

“అమ్మా...”

“లడాయికి రాలే బిడ్డా. నువ్వు చెప్తె నమ్ముత. అది నాకు ఫోనే చెయ్యలేదనుకుంట. అట్లయితె ఈ నంబరు నాకెందుకు? ఇక్కడ్నే ఇడిశిపెట్టి కొత్తది తీస్కుంట. దీన్ని చెవికి కట్టుకోని ఎన్నొద్దులు పండుకోవాలె?”

స్రవంతి ఆమె ముఖంలోకి చూసింది. కళ్లకింద పొగకు కమిలిన చర్మం. నమ్మడానికి సిద్ధంగా ఉన్న ముఖం అది. ఆ వాక్యం చెప్పడానికి ఇప్పుడు ఏ అడ్డూ లేదు. చెబితే ఈ మనిషి లేచి వెళ్లిపోతుంది, ఇంకెప్పుడూ ఫోను చేయదు.

“ఒక్క నిమిషం కూసోండి,” అని స్రవంతి లేచింది.

వరండా చివర వినికిడి గది ఉంది. శుద్ధికి ముందు నంబరు వెనక ఆగిన పిలుపుల్ని విని చూసే హక్కు బదిలీ విభాగం వాళ్లకు ఉంది. వినాలన్న నిబంధన లేదు. అందుకని ఎవరూ వినరు. గదిలో కుర్చీ మీద ఎవరో పాత ఫ్యాన్ రెక్కలు పెట్టారు. స్రవంతి వాటిని కింద పెట్టి కూర్చుని, ఓదెమ్మ నంబరును తెరిచింది.

మొదటి పిలుపులో గాలి. రేకు ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. దగ్గరగా ఒక ఊపిరి, తీసుకుని వదలనిది. వెనకనుంచి ఎవరో మగమనిషి, “జల్ది కానియ్యి, మేమున్నం ఎనక” అంటున్నాడు. అంతే. పిలుపు ముగిసింది.

రెండోది కూడా అలాగే. మూడోదానిలో ‘అ’ అనే అక్షరం ఒకటి మొదలై ఆగిపోయింది.

తర్వాతిదానిలో రేకుల మీద వాన. ఈసారి ఆడగొంతు మాట్లాడింది. ఎవరూ ఎత్తని ఫోనుతో, మోగుతూనే ఉన్న ఫోనుతో మాట్లాడుతోంది. “అక్కా, నేనే. మోగుతనే ఉన్నది గని ఎత్తుతలేవు. నా మీద కోపం పోలేదనుకుంట. తియ్యి, పోకున్నా మంచిదే.”

స్రవంతి చెవులకున్న పరికరాన్ని అరచేతులతో గట్టిగా నొక్కుకుంది.

“అక్కా, అమ్మ కలలకొచ్చింది. మంచం మీద పండి ఉన్నది. మంచిగనే ఉన్నదా? నువ్వు నాతోని మాట్లాడకు. ఫోను అమ్మకియ్యి, ఒక్కసారి అమ్మకియ్యి, చాలు.”

ఆ పిలుపు వానాకాలం నాటిది. ఓదెమ్మ ఫోను చేసి అడుగుతున్న రోజుల్లోదే.

ఆ తర్వాత కూడా పిలుపులున్నాయి. వాటిలో మాటలు తగ్గుతూ వచ్చాయి. ఆఖరుదానిలో మళ్లీ ఊపిరి ఒక్కటే ఉంది. రజిత మొదటి చోటుకే తిరిగి వచ్చేసింది.

స్రవంతి మొదటి పిలుపును మరోసారి విన్నది. రేకు చప్పుడు, వదలని ఊపిరి. ఇలాంటిదాన్ని ఏదో ఒక పొద్దున తను విన్నదా? విని ఎర్రగీత పెట్టిందా? పెట్టి ఉండవచ్చు. జ్ఞాపకం చేసుకోవాలని చూసింది. చేతికి ఎన్నో ఎర్రగీతలు గుర్తున్నాయి, చెవికి ఒక్క ఊపిరీ గుర్తులేదు. గుర్తుంటే ఆ ఒక్కదానికి బాధపడి ఊరుకునేది. గుర్తు లేకపోవడంతో అన్నీ తనవే అయ్యాయి.

కోపం పోనివాళ్లు, మొహం చెల్లనివాళ్లు, ఏళ్ల తర్వాత ఫోను చేస్తున్నవాళ్లు, ఎవరైనా మొదట ఆగుతారు. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక ఆగుతారు. జల్లెడకు తాము నేర్పింది సరిగ్గా వాళ్లను పట్టుకోవడమే. బాగా చదువుకున్న దొంగగొంతులు ఈపాటికి ఆగడం మానేసి ఉంటాయి.

ఆమె తిరిగి వచ్చేసరికి ఓదెమ్మ అలాగే కూర్చుని ఉంది. వెనక బెంచీల మీద నలుగురైదుగురు చేరారు. పక్క కౌంటర్లో జహంగీర్ ఎవరితోనో చిరునామా సరిచూస్తున్నాడు. స్రవంతి బల్ల మీద దీపం ఇంకా వెలుగుతోంది.

ఆమె కూర్చుంది. నీళ్ల సీసా అందేంత దూరంలోనే ఉంది గానీ తీసుకోలేదు.

“ఈ నంబరుకు చేరవలసిన పిలుపులు,” అంది. తర్వాతి మాట ఎప్పుడూ నోటినుంచి దానంతట అదే వచ్చేది. ఇప్పుడు దాన్ని వెనక్కి నెట్టవలసి వచ్చింది. “చేరలేదు.”

దీపం ఆరలేదు. “వాక్యం మళ్లీ చెప్పండి,” అంది యంత్రం.

“ఈ నంబరుకు చేరవలసిన పిలుపులు చేరలేదు.”

అలాంటి జవాబు యంత్రానికి ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. కానీ చట్టం రాసినవాళ్లు ఆ అవకాశాన్ని కూడా రాసిపెట్టారు. అది వెతికి, చదివింది: “మనిషి మాట ప్రకారం పిలుపులు చేరని పక్షంలో, బదిలీకి ముందు వాటిని అందజేయవలెను. అందజేయుచున్నాము.”

ఓదెమ్మ చెవిలో పూస మోగింది.

ఆమె ఉలిక్కిపడి చేయి పైకెత్తింది. దారం సర్దుకుంది. విన్నది. కౌంటరు ఇవతల స్రవంతికి ఏమీ వినబడదు. ఓదెమ్మ ముఖం చూసి ఇప్పుడు గాలి, ఇప్పుడు రేకు, ఇప్పుడు ఆ మగమనిషి అని లెక్కపెట్టుకుంటోంది. వాన దగ్గర ఓదెమ్మ కళ్లు మూసుకుంది. ఆ తర్వాత కాసేపటికి నోరు తెరిచింది.

“అమ్మకియ్యుమంటున్నది,” అంది. ఎవరితో అన్నదో తెలియదు.

అప్పటికి ప్రభంజన్ మేడమెట్లు దిగి వచ్చాడు. పై అంతస్తులో అతని బల్ల మీద ఏదో గంట మోగి ఉంటుంది. కౌంటరు వెనకనుంచి వచ్చి స్రవంతి పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఏం చెప్పినవు స్రవంతీ?”

“చేరలేదని చెప్పిన సార్.”

“పొరపాటున అన్నవని రాస్త. మళ్లీ చెప్పు.”

“పొరపాటు కాదు సార్. విని వచ్చిన.”

ప్రభంజన్ చెడ్డవాడు కాదు. అది ఆమెకు తెలుసు. గొంతుదొంగల ఏడాదిలో అతని తల్లి అచ్చం అతని గొంతే విని తలుపు తీసింది. తర్వాత ఆమె బతికింది గానీ, కొడుకు పిలిచినా తలుపు తీయడం మానేసింది. ఇప్పటికీ అతను తన ఇంటికి వెళ్లి కిటికీలోంచి ముఖం చూపిస్తేనే గడియ తీస్తుంది.

“నువ్వొక్క మాట మార్చినవు,” అన్నాడు. “రేపు అదే తొవ్వల ఆ దొంగలు వస్తరు. ఇంకొకరి అమ్మ తలుపు తీస్తది. దానికి ఎవరు జవాబు చెప్పాలె?”

“నాకు తెల్వది సార్. నేను విన్నది దొంగ గొంతు కాదు. అది మాత్రం తెలుసు.”

“రోజూ పొద్దున ఎర్రగీతలు పెట్టేది నువ్వే గదా.”

“నేనే సార్. అందుకే చెప్తున్న. మనిషి ఆగినా పెట్టిన, యంత్రం ఆగినా పెట్టిన. చూడకుండ పెట్టిన.”

అతను ఓదెమ్మను చూశాడు. ఆమె లేచి నిలబడింది. పూస మీదనుంచి చేయి తీసింది. పిలుపులన్నీ అయిపోయాయి.

“వానకాలంల నేను అడిగిన్నాడు, ఇవి ఉండెనా?” అని అడిగింది స్రవంతిని.

“ఉండెనమ్మా.”

“నువ్వు ఇన్నవా?”

“వినలే. వినొచ్చు గని వినలే.”

ఓదెమ్మ తల ఊపింది. కేకలు వేస్తుందని స్రవంతి అనుకుంది. వేస్తే బాగుండుననుకుంది. ఓదెమ్మ గొంతు లేవలేదు.

“ఆకరి దినం మా అమ్మ అడిగింది. చిన్నది ఫోన్ చేసిందానే అని. చెయ్యలేదమ్మా అన్న. కండ్లు మూసుకోని అటు మర్లింది. మళ్ల ఇటు మర్లలే.” ఓదెమ్మ కౌంటరు అంచు పట్టుకుంది. “ఆ మాట నా నోటితోని చెప్పిచ్చినవు బిడ్డా.”

“తప్పయిందమ్మా.”

“గది నాకు చెప్పకు. నాకు చెప్పి ఏం జేస్తవ్?”

ప్రభంజన్ కౌంటరు వెనక గోడకు ఆనుకుని నేలకేసి చూస్తున్నాడు.

ఓదెమ్మ పూసను తాకి, ఆఖరి పిలుపు వచ్చిన నంబరుకే కలపమంది. కాలనీ ఉమ్మడి ఫోను చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. ఓదెమ్మకు ఈ గొంతులూ పూసలూ పూర్తిగా అలవాటు కాలేదు, దూరం మనిషితో మాట్లాడితే గట్టిగా మాట్లాడాలనుకుంటుంది. హాలంతా వినబడింది.

“హలో! రజిత ఉన్నదా అక్కడ? రజిత... ఆ, మంటలార్పెటాయన పెండ్లాం... ఎటు వోయింది?... పనికా? ఎప్పుడొస్తది?... నేను వాళ్ల అక్కను. కరీంనగర్ కెల్లి.” అటునుంచి ఏదో చెప్పారు. ఓదెమ్మ విన్నది. “లే, ఆమెను చెయ్యుమనకు. మళ్ల లైన్ల నిలవడుతది. నేనే వస్తున్నని చెప్పు. అమ్మ ముచ్చట ఫోన్ల చెప్పేది కాదు. నేనొచ్చి చెప్త... ఆ. ఏ వీధి?... గుర్తు వెట్టుకుంట.”

పెట్టేసింది. వీధి పేరు పెదాలతో ఒకసారి అనుకుంది.

యంత్రం మీది దీపం రంగు మారింది. ఓదెమ్మ పూసలోంచి చేరువ కంపెనీ స్వాగతరాగం సన్నగా వినిపించింది. బదిలీ పూర్తయింది.

“నంబరు అదే గదా?” అంది ఓదెమ్మ గుమ్మం వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండా.

“అదే అమ్మా.”

ఆమె వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు. శాపమూ పెట్టలేదు. కౌంటరు అంచు మీద, ఆమె పట్టుకున్న చోట, సన్నగా జొన్నపిండి అంటుకుని ఉంది. స్రవంతి దాన్ని తుడవలేదు. తల ఎత్తి చూస్తే ప్రభంజన్ ఇంకా అక్కడే ఉన్నాడు.

“పని నడుస్తుండగ మనిషి మాటను ఆపే అధికారం నాకు లేదు,” అన్నాడు. ఆ మాట బెదిరింపులా లేదు, అలసటలా ఉంది. “ఇయ్యాళ ఆఫీసు మూసేదాక నీ మాటకు చట్టం ఉన్నది. రేపు ఈ కుర్చీల ఇంకొకరుంటరు. పై వాళ్లకు నేను రాయాలె. రాయకుంట ఉండలేను.”

“రాయండి సార్.”

“ఇయ్యాళైనా మామూలు మాట చెప్పు. ఆ ఒక్కామెది ప్రత్యేకమని రాస్త. మిగిలినోళ్లవి విననక్కర లేదు. ఎవరు చెప్పిండ్రు నీకు వినమని?”

స్రవంతి తెర వైపు తిరిగింది. అతను కాసేపు చూసి, మెట్లవైపు వెళ్లాడు. సగం మెట్లెక్కి ఆగాడు. పైకి పోలేదు, కిందికీ రాలేదు.

మామూలు మాట చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. ఒకామెకు చేసిన అన్యాయాన్ని ఒకసారి సరిదిద్దుకుని, అదొక మంచిపనిగా దాచుకుని, ఇంటికి వెళ్లి అన్నం తినవచ్చు. అలా తినగలనని కూడా ఆమెకు తెలుసు. అదే ఆమెను భయపెట్టింది. నిరుడు తినలేదూ?

“తర్వాత ఎవరు?” అని పిలిచింది.

మెడలో కొరియర్ సంచి వేసుకున్న యువకుడు వచ్చి కూర్చున్నాడు. ఓదెమ్మ కూర్చున్న కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు.

“చేరువకే మేడం. జల్దీ అయితదా? డ్యూటీ ఉన్నది.”

స్రవంతి అతని నంబరు తెరిచింది. జల్లెడ వెనక ఉన్నాయి. ఎన్నని చూడలేదు. ఉన్నాయి.

“ఆలస్యమైతది,” అంది. “మీకొచ్చిన ఫోన్లు కొన్ని మేం ఆపినం. మీరవి విని పోవాలె.”

“నాకా?” అతను నవ్వబోయాడు. “నాకెవరు చేస్తరు మేడం? నాకెవ్వరు లేరు.”

“ఎవరో చేసిండ్రు. ఒక్కసారే కాదు.”

అతని ముఖంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. చేయి నెమ్మదిగా చెవి దగ్గరికి వెళ్లింది. బెంచీల మీద ఉన్నవాళ్లు లేచారు. వరస లేదు, పేర్లు లేవు, అందరూ కౌంటరు వైపు వస్తున్నారు. ముందున్న ముసలాయన తన చెవిలోంచి పూసను తీసి అరచేతిలో పెట్టుకుని దానికేసి చూస్తున్నాడు. “నాయి గూడ ఉన్నయా?” అని వెనకనుంచి ఎవరో అడిగారు. “మాయి?” అని ఇంకొకరు.

స్రవంతి తన ముందు వెలుగుతున్న దీపానికి దగ్గరగా వంగింది. “ఈ నంబరుకు చేరవలసిన పిలుపులు చేరలేదు,” అంది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే తేలిక కాలేదు.

చెక్క అడ్డుగోడకు అవతల జహంగీర్ తన కౌంటర్లో ఉన్నామెకు చిరునామా సరిచూడటం ముగించాడు. అతను స్రవంతికంటే పాతవాడు. ఈ వాక్యాన్ని ఆమెకు మొదట పలికి చూపించినవాడు. అతని యంత్రం దీపం వెలిగించింది.

“ఈ నంబరుకు చేరవలసిన పిలుపులన్నీ,” అని మొదలుపెట్టాడు జహంగీర్, రోజూ అన్నట్టే, కాగితం మీద ఉన్నది చదివినట్టు.

అక్కడ ఆగాడు.

మెట్ల మీద ప్రభంజన్ రెయిలింగు పట్టుకుని కిందికి చూస్తున్నాడు. అడ్డుగోడ అవతలనుంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడు వచ్చింది. “ఒక్క నిమిషం కూసోండమ్మా,” అన్న జహంగీర్ గొంతు, ఆ తర్వాత వరండా చివరి గది వైపు వెళ్తున్న అతని అడుగులు వినిపించాయి.